విషమునకు రెండు ధర్మములా?

బజారున వస్తువును కొనువానికి దాని వెల తెలియును, పేరు తెలియును, పెట్టెమీది రంగుల బొమ్మయు కన్నుల కింపుగా నుండును. ఆ వస్తువులో నేమున్నదో మాత్రము వానికి తెలియదు. తెలిసినవాడొక్కడే కలడు, వాడు దానిని చేసినవాడు. చేసినవాడు చెప్పడు, కొన్నవాడు అడుగడు, ఏలువారు విచారింపరు. ఈ మూడు మౌనముల నడుమనుండి పాదరసము మన యిండ్లలోనికి వచ్చినది. గోడమీది గొట్టపు దీపములో నది యున్నది. పాత జ్వరమాపకములో నున్నది. రక్తపుపోటును కొలుచు పాత యంత్రములో నున్నది. కొలదిదినములలో మోమును తెల్లగా జేయుదుమని యమ్మెడి లేపనములలో కొన్నిటియందు, శాసనము వలదన్నను, ఉన్నది.

మా వాదము ఒక్కటే. విషమును వస్తువులో బెట్టి యమ్ముకొని లాభమునొందువాడే ఆ విషమునకు పూచీదారు కావలెను. ఉన్నదని చెప్పుట, వస్తువుపై వ్రాయుట, మానదగినచోట మానుట, మానలేనిచోట వాడిన వస్తువును తిరిగి తీసికొనుట. ఈ నాలుగు భారములును చేసినవానివి. కొన్నవానివి కావు; తెల్లవారకమున్నే చీపురు పట్టి వీథులూడ్చు మునిసిపల్ కార్మికురాలివి అసలే కావు. ఈ ధర్మము ఒక దేశమున నొక తీరుగను, మన దేశమున మఱొక తీరుగను నడచుచున్నది. అదియే మా ఫిర్యాదు.

పాదరసము మనకు క్రొత్తది కాదు. ఇంగిలీకమునుండి దానిని దీయుట మన పూర్వులెరుగుదురు. శోధనము లేక దానిని ముట్టరాదనియు వారెరుగుదురు. నేటి శాస్త్రము చెప్పునది మఱికొంత కలదు. అది లోహమయ్యు సామాన్యపు వేడికే ఆవిరియగును. ఆ ఆవిరికి రంగు లేదు, వాసన లేదు. ఊపిరితో లోనికి బోయి మెదడును, మూత్రపిండములను బట్టుకొనును. నీటిలో గలిసెనా, సూక్ష్మజీవులు దానిని మిథైల్ పాదరసముగా మార్చును. అది చిన్నచేపనుండి పెద్దచేపకు, పెద్దచేపనుండి మనుష్యునికి పోవుకొలది చిక్కనగును. తుదకు తల్లి గర్భమునందలి శిశువును జేరును.

ఇది పుస్తకములలోని భయము కాదు. జపానుదేశమున మినమాటా యను తీరపట్టణపు జనులు దీనిని శరీరముతో ననుభవించిరి. అచ్చటి చిస్సో కంపెనీ రసాయన కర్మాగారము 1932 మొదలు 1968 వరకు పాదరసము గలిసిన మురుగును సముద్రములోనికి విడిచెను. ముందు పిల్లులు పిచ్చెత్తినట్లు తిరిగి చచ్చినవి. పిమ్మట మనుష్యులకు చేతులు వణకెను, చూపు తగ్గెను, మాట తడబడెను. 1956లో వ్యాధి ప్రకటితమయ్యెను. 1959లో ఆ కర్మాగారపు వైద్యుడే మురుగును పిల్లికి తినిపించి కారణము కనుగొనెను. కంపెనీవారు ఆ పరీక్షను ఆపించి ఫలితమును దాచిరి. మఱి తొమ్మిదేండ్లు మురుగు పారుచునే యుండెను. ఆ తొమ్మిదేండ్ల పాపము పాదరసముది కాదు; మౌనముది. తెలిసినవాడు చెప్పవలెనని శాసించు చట్టము లేనిచో ఎట్టి కీడు మూడునో ఇంతకంటె చక్కగా తెలుపు దృష్టాంతము లేదు.

ఈ పాఠమును వస్తువుల విషయమున ముందుగా శాసనముగా మార్చినవారిలో అమెరికాలోని చిన్న రాష్ట్రములు కొన్ని కలవు. వెర్మాంట్ అను రాష్ట్రపు జనసంఖ్య ఆరున్నర లక్షలకు మించదు. మన విజయవాడ నగరమునందలి జనమైనను అచ్చట లేరు. అట్టి రాష్ట్రము 1998లో నొక చట్టము చేసినది: పాదరసము గల వస్తువును అమ్మదలచినవాడు అందులో పాదరసమున్నదనియు, పనికిరానినాడు దానిని సామాన్యపు చెత్తలో వేయరాదనియు ఆ వస్తువుపైననే వ్రాయవలెను. రెండు వాక్యముల చీటీ! ఆ చీటీకే మహా కంపెనీలు వణకినవి. దీపములు చేయు విద్యుత్పరికరముల కంపెనీల సంఘమువారు న్యాయస్థానమున కెక్కిరి. తమకిష్టములేని మాటలను తమచే బలవంతముగా పలికించుట వాక్స్వాతంత్ర్యమునకు భంగమని వారి మొర. ఇంతకాలము మౌనమే స్వాతంత్ర్యమని వారు భావించిరి కాబోలు! క్రింది న్యాయస్థానము మొదట వారి మాట విని చట్టము నమలును నిలిపినది. 2001లో అప్పీలు న్యాయస్థానమువారు ఆ నిలుపుదలను రద్దుచేసిరి. సరకును గూర్చిన నిజమును కొనువానికి చెప్పుమనుట వాక్స్వాతంత్ర్య హరణము కాదనిరి. ఆ రాష్ట్రమునకై వేరుగా చీటీ యంటించుట కష్టమందురా, అచ్చట అమ్మకుండుటకు వారికి స్వేచ్ఛ కలదనిరి.

ఆ 2001లోనే ఈశాన్యపు రాష్ట్రములు, మఱికొన్నియు గూడి ఒక ఉమ్మడి కార్యాలయము నేర్పరచుకొన్నవి. అందుజేరిన రాష్ట్రములలో పాదరసపు వస్తువులమ్మువాడు ఏ వస్తువులో నెంత పాదరసమున్నదో, మొత్తమున నెంత అమ్మెనో మూడేండ్లకొకసారి లెక్క యొప్పగింపవలెను. ఆ లెక్క అధికారుల అల్మారలో నిదురింపదు, ఎవరైనను చూడవచ్చును. మెయిన్ రాష్ట్రమువారు ఇంకొక యడుగు ముందుకు వేసిరి. గదుల వేడిమిని నియంత్రించు పాత గోడయంత్రములలో నొక్కొక్కదానియందు సుమారు 4 గ్రాముల పాదరసముండును. వానిని తెచ్చియిచ్చినవానికి యంత్రమొక్కంటికి కనీసము 5 డాలర్లు కంపెనీవారే యియ్యవలెనని 2006లో శాసించిరి. కొన్నవానిని బెదరించుట కాదు, చేసినవానిచే చెల్లింపించుట. అదియే ఈ చట్టముల కీలకము. మిన్నెసోటా రాష్ట్రము 2008 నుండి కాటుకలు, లేపనములు మొదలైన అలంకార వస్తువులలో పాదరసమును బుద్ధిపూర్వకముగా కలుపుటనే నిషేధించెను.

అమెరికాను ఆకాశమున కెత్తుటకు మేమీ సంగతులు వ్రాయుట లేదు. ఇంటిలోని ధర్మము గడప దాటగానే యేమగునో చూడుడు. అదే మెయిన్ రాష్ట్రమున ఆరింగ్టన్ అను ఊరి రసాయన కర్మాగారము 2000లో మూతబడెను. అందు మిగిలిన పాదరసమేమి కావలెను? వ్యాపారి కొనెను, కొంత సరకు భారతదేశమునకై ఓడ నెక్కెను. తమ నేలపై జ్వరమాపకమునందలి చుక్క పాదరసమునకే వెరచు దేశము పీపాలకొలది పాదరసమును మన రేవునకు బంపుటకు వెరవలేదు! ఇక్కడి పర్యావరణ సేవకులును, కార్మిక సంఘములవారును గట్టిగా నెదిరింపగా 2001 ఆరంభమున ఆ సరకు మన తీరము చేరకయే మరలెను. పాదరసము ఎగుమతిని నిషేధించు చట్టము ఆ దేశమున 2008లో పుట్టి 2013లో గాని అమలునకు రాలేదు.

ఓడ మరలినది, కాని ఒక కర్మాగారము అప్పటికే వచ్చి మన కొండపై కూర్చుండెను. న్యూయార్క్ రాష్ట్రమున వాటర్‌టౌన్ పట్టణమున నుండిన జ్వరమాపకముల కర్మాగారమును 1980వ దశాబ్దపు తొలియేండ్లలో యంత్రములతో సహా తమిళనాడులోని కొడైకెనాల్‌కు తరలించిరి. తొలుత అది పాండ్స్ కంపెనీది. పిమ్మట హిందూస్థాన్ లీవర్ వారిదయ్యెను. అద్దము, పాదరసము విదేశమునుండి వచ్చును. నింపుట మన కూలివాని చేతులతో జరుగును. సిద్ధమైన సరకులో అధికభాగము మరల విదేశమునకు పోవును. జ్వరమెవరిదో, విషమెవరికో! 2001 మార్చిలో ఆ యూరివారును, మాజీ కార్మికులును, గ్రీన్‌పీస్ వారును గూడి ముంజిక్కల్ అను పేటలోని పాతసామానుల కొట్టులో ఆ కర్మాగారపు పగిలిన పాదరసపు గాజును టన్నులకొలది కనుగొనిరి. క్రింద పాంబార్ షోలా యడవి. ఆ యడవిలో వాగులు. కర్మాగారము మూతబడినది. 2003లో 290 టన్నుల వ్యర్థమును ఓడకెక్కించి అమెరికాకే పంపిరి. నేలలోనికింకిన పాదరసము మాట యేమి? కిలో మట్టిలో 20 మిల్లీగ్రాములు మిగిలిన చాలునా, ఇంకను తగ్గవలెనా యని యేండ్లకేండ్లు తర్కము నడచెను. కార్మికుల ఆరోగ్యమునకు కర్మాగారమువలన హాని కలుగలేదనియే కంపెనీవారి వాదము. ఐనను 2016లో 591 మంది మాజీ కార్మికులతో వారు రాజీ కుదుర్చుకొని సొమ్ము చెల్లించిరి. పదునైదేండ్ల పోరాటమునకు ఫలితమది. ఆ పదునైదేండ్లు వేచియుండలేక కన్నుమూసినవారికి ఏ రాజీ యేమి యిచ్చును?

చదువరులారా! ఆ 2001వ సంవత్సరము నొక్కసారి మనసున నిలుపుడు. ఆ యేడే వెర్మాంట్ పౌరునికి తాను కొన్న దీపములో పాదరసమున్నదని తెలిసికొను హక్కు న్యాయస్థానమున నిలిచెను. ఆ యేడే కొడైకెనాల్ పౌరునికి తన యూరి పాతసామానుల కొట్టులో పాదరసమున్నదని తానే వెదకి తెలిసికొనవలసిన గతి పట్టెను. విషమొక్కటే, శరీరమొక్కటే, ధర్మములు మాత్రము రెండు.

మన దేశమున శాసనములే లేవా? కలవు. అట్లు లేవనుట అసత్యము. మినమాటా పేరనే 2013లో జపానున అంతర్జాతీయపు టొడంబడిక కుదిరెను. మన ప్రభుత్వమువారు 2014లో దానిపై సంతకము చేసి 2018లో స్థిరపరచిరి. పాదరసపు జ్వరమాపకములు మొదలుగా పలు వస్తువుల తయారీకిని వర్తకమునకును 2020ని అది గడువుగా పెట్టెను. తర్వాతి సభలలో చిన్న ఫ్లోరెసెంట్ దీపములకు 2025, పొడవు గొట్టపు దీపములకు 2027 అంత్యకాలమని నిర్ణయించిరి. మన అలంకార వస్తువుల నియమములు (2020) ప్రమాదవశమున చేరు పాదరసము సామాన్యపు లేపనములలో పదిలక్షల పాళ్ళకు ఒక్క పాలు మించరాదనుచున్నవి. 2016 నాటి ఈ-వ్యర్థముల నియమములు పాదరసపు దీపములను చేసినవాని పూచీలోనికి తెచ్చినవి. 2022 నాటి క్రొత్త నియమములును ఆ పూచీని నిలిపినవి.

కాగితము పరిపూర్ణము. ఇక వీథిలోనికి రండు. మీ యింట గొట్టపు దీపము ఆరిపోయినది. ఎవరికిత్తురు? అమ్మిన దుకాణదారుని అడుగుడు, నవ్వును. మునిసిపల్ బండివానిని అడుగుడు, బండిలో వేయుమనును. బండిలో నది పగులును, ఆవిరి పైకెగయును, ఆ ప్రక్కనే నిలిచి తడిచెత్తను పొడిచెత్తను చేతులతో వేరుచేయు స్త్రీ దానిని పీల్చును. ఆమె ఆ దీపపు వెలుగులో నొక్కనాడును కూర్చుండియుండదు. చేసినవాని పూచీ యెక్కడ? ఏ కంపెనీ యెన్ని దీపములమ్మెనో, ఎంత పాదరసము మన రాష్ట్రమున విడిచెనో, ఎంత తిరిగి తీసికొనెనో, పఠనమందిరమున కూర్చుండి చదువుకొనుటకు మనకొక పట్టిక యున్నదా?

లేపనముల కథ మఱియు ఘోరము. కేరళ రాష్ట్రమున మలప్పురము జిల్లాలోని వైద్యులు 2021 జూలై మొదలు 2023 సెప్టెంబరు వరకు ఒక విధమగు మూత్రపిండ వ్యాధితో వచ్చిన 22 మందిని పరిశీలించిరి. అందు 15 మందికి అరుదైన యొక లక్షణము కనబడెను. ఆ 15 మందిలో 13 మంది చర్మమును తెల్లబరచు లేపనములు వాడినవారు. శాసనమున్నది, లేపనమును ఉన్నది, రోగియు ఉన్నాడు. కనబడనివాడు చేసినవాడొక్కడే! అట్టి డబ్బాలలో కొన్నిటిపై చేసినవాని పేరే యుండదు, ఊరు ఉండదు, లోనేమున్నదో వ్రాత యుండదు. చీటీ లేని వస్తువును అమ్మనిచ్చు బజారులో విషమును నిషేధించుట గాలిని మూటగట్టుట కాదా? ఇచట మన తప్పును గూడ ఒప్పుకొందము. నల్లనిదనమును లోపమనుకొను బుద్ధిని విడువనంతకాలము మన బిడ్డల మోములపై వర్తకము చేయువారికి కొదువ యుండదు.

ఆక్షేపణలు మాకు తెలియును. ఒక్కొక్క దీపములో నుండునది 5 మిల్లీగ్రాములకు మించదు, దానికింత గొడవయేల యని కొందరందురు. ఒక్క దీపమునకు నిజమే. కోటి దీపములకు 50 కిలోలు. కోటి దీపములు మన దేశమున నెంత? అమ్మునప్పుడు కోట్ల లెక్క, బాధ్యత వచ్చునప్పుడు మిల్లీగ్రాముల లెక్క. ఇది వర్తకుల గణితము గాని న్యాయము గాదు.

బీదవానికి వెల పెరుగునని మఱికొందరి కన్నీరు. పాదరసము లేని జ్వరమాపకము నేడు ప్రతి మందుల దుకాణమునను దొరకుచున్నది. పాదరసము లేని ఎల్.ఈ.డి. దీపము తక్కువ విద్యుత్తుతో ఎక్కువ కాలము వెలుగుచున్నది. మాన్పుటకు సాధనములు చేతిలోనుండగా బీదవాని పేరు చెప్పుట వాని మేలునకు కాదు. విషమునకు మొదటి కంచము బీదవానిదే. చౌక లేపనము వాని కూతురిది. పగిలిన గాజు వాని భార్య చేతిలోనిది.

పర్యావరణ శాసనము (1986) కేంద్రమువారిది, రాష్ట్రముల చేతులు కట్టబడియున్నవని మూడవ మాట. ఈ మాట మా తెలుగు ప్రభుత్వములు రెండింటికిని చాల సౌకర్యముగా నుండును. కాని అలంకార వస్తువుల నమూనాలు దీసి పరీక్షింపవలసిన డ్రగ్స్ ఇన్‌స్పెక్టరు రాష్ట్రపు టుద్యోగి కాడా? జిల్లా ఆసుపత్రికి పరికరములు కొనునది రాష్ట్రము కాదా? చెత్తబండి మునిసిపాలిటీది కాదా? కాలుష్య నియంత్రణ మండలి ప్రతి రాష్ట్రమునకును వేరుగా లేదా? ఆరున్నర లక్షల జనముగల వెర్మాంట్ ప్రపంచపు కంపెనీలను చీటీ వ్రాయించినది. కోట్ల జనముగల మనము వానిచే ఒక పట్టిక వ్రాయింపలేమా? కొరతపడినది అధికారము కాదు, పట్టుదల.

కావున మేము కోరునవి నాలుగు. మొదటిది: ఔషధ నియంత్రణ శాఖలవారు ప్రతి పట్టణపు దుకాణములనుండి లేపనముల నమూనాలు దీసి, పరీక్షింపించి, దోషులైన సరకుల పేర్లను తెలుగులో ప్రకటింపవలెను. రెండవది: సర్కారు ఆసుపత్రులలో పాదరస పరికరములను క్రమముగా మానుడని కేంద్ర ఆరోగ్యశాఖ తన యాసుపత్రులకు 2010లోనే చెప్పినది గనుక, మన ప్రతి ఆసుపత్రియు మిగిలిన పరికరముల లెక్క చెప్పి, వానిని మూలగదిలో పడవేయక, తగినచోటికి చేర్చవలెను. మూడవది: దీపమమ్మిన దుకాణమే ఆరిన దీపమును తీసికొనవలెను, దానికగు వ్యయము చేసిన కంపెనీది కావలెను, ఆ సంగతి దుకాణపు గోడపై తెలుగులో వ్రాయబడవలెను. నాలుగవది: ఏ కంపెనీ వస్తువులో నెంత పాదరసము మన రాష్ట్రములోనికి వచ్చెనో, ఎంత తిరిగి పోయెనో యేటేట కాలుష్య నియంత్రణ మండలులు అచ్చువేసి యందరి యెదుట నుంచవలెను.

ప్రభుత్వములు తమంత తామే మేల్కొనునని మేము భ్రమపడము. మేల్కొలుపవలసినవారు మీరు. దీపము కొనునప్పుడు అందులో పాదరసమున్నదా యని దుకాణదారుని అడుగుడు. వానికి తెలియకున్నచో తెలిసికొని చెప్పుమనుడు. పేరు లేని డబ్బాను ఇంటిలోనికి రానీయకుడు. మీ పురపాలక సభ్యుడు ఓట్లకై వచ్చిననాడు ఆరిన గొట్టపు దీపమును వాని యెదుట నిలిపి, దీనిని నే నెక్కడ నుంచవలెనని ప్రశ్నింపుడు. ఆ ఒక్క ప్రశ్నకు సమాధానము చెప్పలేని పరిపాలనకు ఎన్ని శాసనములున్న నేమి?

మినమాటాలో తెలిసినవాడు చెప్పలేదు. తొమ్మిదేండ్లు సముద్రము విషమయ్యెను. కొడైకెనాల్‌లో జనులే వెదకి కనుగొనిరి. న్యాయమునకు పదునైదేండ్లు పట్టెను. మూడవ పాఠమునకు మన యూరు బడి కాకుండు గాక! చేసినవాడు చెప్పవలెను; అమ్మినవాడు తీసికొనవలెను; ఏలువారు అడుగవలెను. ఈ ధర్మము వెర్మాంట్‌కు ధర్మమైనచో విజయవాడకును, వరంగల్లునకును ధర్మమే.